గొడుగు తిరిగిచ్చాడా లేదా

ఏమండీ,

మీ ఆవిడ నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, బుజ్జమ్మ, నేను, ముగ్గురం క్షేమం. మీరూ అక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ ముక్కలు ప్రతి ఉత్తరంలోనూ ఉండేవే కదా అని కళ్ళు పరిగెత్తించకండి. ఈసారి వీటిని ఇంతటితో వదిలిపెట్టను, చివర్లో మళ్ళీ ఇక్కడికే వస్తాను. ముందుగానే ఆఖరి కాగితం తిప్పి చూశారో, నా మీద ఒట్టే!

అక్షరాలు వంకరటింకరగా ఉంటే సర్దుకోండి. సంతోషం పట్టలేక గబగబా రాసేస్తున్నాను. ఇవాళ నాకు సెలవు. మీ అమ్మగారు కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తూ, "ఆ సంగతి రాశావా? రాశావా?" అని ఒకటే గోల. "ఇంకా లేదత్తయ్యా, వరసలో వస్తున్నాను" అంటే, "నీ వరస వచ్చేలోపు వాడికి జుట్టు నెరిసిపోతుంది" అంటున్నారు. ఆవిడ నోటికి నేనెక్కడ సరితూగుతాను! ఫోనులో చెప్పొచ్చు కదా అంటారేమో. మన ఆదివారం ఫోను సంగతి మీకు తెలియనిదా? అక్కడ మీ వెనక వరసలో వాళ్ళు "కానియ్యవయ్యా బాబూ" అని అరుస్తుంటారు, ఇక్కడ మీ అమ్మగారు నా చెవి దగ్గరి నుంచి ఫోను లాక్కుంటుంటారు. తిన్నారా, తిన్నాను, ఉంటాను, సరే. అందులో ఇంత పెద్ద మాట ఎక్కడ పడుతుంది?

అందుకని పద్ధతిగా, మీరు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను.

వంటింటి పైకప్పు కారడం ఆగిందా అన్నారు. ఆగింది. అత్తయ్యకి కళ్ళజోడు మార్పించావా అన్నారు. మార్పించాను, మార్పించి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. కొత్త అద్దాలు వచ్చినప్పటి నుంచి నా వంటింట్లో ప్రతి మూలా ఆవిడకి దుమ్ము కనిపిస్తోంది. పాత జోడే బంగారంలా ఉండేది. బుజ్జమ్మ లెక్కల్లో గట్టెక్కిందా అన్నారు. గట్టెక్కడమే కాదు, క్లాసులో పక్కవాళ్ళకి చెప్పి పెడుతోందట. నా చెప్పులు ఇప్పుడు దాని కాలికి సరిగ్గా సరిపోతున్నాయి. పొద్దున్నే నాకంటే ముందు లేచినరోజు అవి వేసుకుని ఉడాయిస్తోంది, నేను అత్తయ్య చెప్పులతో డ్యూటీకి పోతున్నాను.

నాలుగోది, "ఎందుకు అన్ని ఓవర్‌టైమ్‌లు చేస్తున్నావు, ఇస్త్రీ రోలర్ దగ్గర చేతులు జాగ్రత్త" అన్నారు. అయిదోది, రేవు కంపెనీ వాళ్ళు ఇంకో మూడేళ్ళ కాంట్రాక్టు కాగితం ఇచ్చారు, నెలాఖరులోగా సంతకం పెట్టాలి, ఏమంటావు అన్నారు. అయిదోదానికి ఇప్పుడే జవాబు చెప్పను. నాలుగోది చెప్తే గానీ అది అర్థం కాదు. కూర్చునే చదువుతున్నారు కదా?

అది ఓవర్‌టైమ్ కాదండీ. నేను బడికి వెళుతున్నాను.

నవ్వకండి! నిజంగా బడే. మా లాండ్రీ క్యాంటీన్‌లో, షిఫ్టు దిగాక, బల్లల మీద టీ మరకలు తుడుచుకుని కూర్చుని ఇంగ్లీషు చదువుతున్నాం. జరిగిందేమిటంటే, కొత్త వాషింగ్ మెషీన్లు వచ్చాయి. ఒక్కొక్కటి గది అంత ఉంటుంది. దాని మీద మీటలన్నీ ఇంగ్లీషులోనే, సబ్బు డ్రమ్ముల మీద జాగ్రత్తలు ఇంగ్లీషులోనే, ఆసుపత్రి నుంచి గౌన్లతో పాటు వచ్చే చీటీలు ఇంగ్లీషులోనే. ఇంతలో మా షిఫ్ట్ ఇన్‌చార్జి, అదే, నోట్లో విజిల్ తీయకుండా తిరిగే మన విజిల్ బాబాయ్, రిటైరవుతున్నాడు. ఆ స్థానానికి బయటివాళ్ళని తీసుకోము, బల్లల దగ్గర పనిచేసేవాళ్ళలోనే పరీక్ష పెట్టి తీసుకుంటామని మేనేజరు బోర్డు పెట్టాడు. ఇంగ్లీషులో ఒక చిన్న పాసేజ్ ఇస్తారు. చదివి, కింద ఉన్న ప్రశ్నలకి జవాబులు రాయాలి. అది రాయగలిగితే చీటీలు చదవగలరని లెక్క.

నేను పేరు ఇచ్చి వచ్చేశాను. మీకు రాద్దామని కాగితం తీసి, తప్పితే ఏం చెప్పుకోను అని మళ్ళీ లోపల పెట్టేశాను. గెలిస్తే చెబుదాం, ఓడితే ఓవర్‌టైమ్ అయిందని ఊరుకుందాం అనుకున్నాను. అదీ నా తెలివి.

మా టీచరమ్మ మన బుజ్జమ్మకి అక్కలా ఉంటుంది. గొంతు చిన్నది గానీ పట్టు పెద్దది. నా పక్కన ఎప్పుడూ రేడియో కూర్చుంటుంది. రేడియో అంటే మా సార్టింగ్ బల్ల దగ్గర పనిచేసే ఆవిడే, మీరోసారి చూశారు, నోరు కట్టేస్తే చేతులతో మాట్లాడే మనిషి. మొదటిరోజు ఇచ్చిన పాసేజ్ ఇది. ఒకాయన రొట్టె కొనడానికి దుకాణానికి వెళతాడు. వాన మొదలవుతుంది. ఆయన దగ్గర గొడుగు లేదు. దుకాణం చూరు కింద నిలబడతాడు. పక్కింటావిడ తన గొడుగు ఇస్తుంది. ఆయన ఇంటికి వెళ్ళి టీ తాగుతాడు. అంతే! కింద ప్రశ్నలు. ఆయన చూరు కింద ఎందుకు నిలబడ్డాడు?

నేనేం రాశానో చెప్పుకోండి. "ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి లేదు కాబట్టి తొందర లేదు, అందుకని నిలబడ్డాడు" అని నాకు వచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ అతికించి రాశాను. టీచరమ్మ చదివి నా వంక చూసింది.

"ఆయన ఒంటరివాడని ఎక్కడుంది అక్కా?"

"ఇల్లాలుంటే మబ్బు చూసి గొడుగిచ్చి పంపదా టీచరమ్మా?"

"వాన పడుతోంది కాబట్టి నిలబడ్డాడు. అంతే జవాబు. పాసేజ్‌లో ఉన్నదే రాయాలి. జవాబులు ఇంటి నుంచి తేకండి."

క్యాంటీన్ అంతా నవ్వు. నేనూ నవ్వాననుకోండి, కానీ లోపల కొంచెం చిన్నబుచ్చుకున్నాను. నా తప్పేముంది చెప్పండి? ఇన్నేళ్ళుగా సార్టింగ్ బల్ల దగ్గర మేం చేసే పనే అది. హోటల్ దుప్పటి విప్పగానే, ఇదిగో మూలన బిస్కట్ పొడి, పిల్లాడు అమ్మకి తెలియకుండా తిన్నాడు. దిండు గలేబు మీద రెండు నల్ల చారలు, ఎవరో పిల్ల ఏడ్చింది పాపం. ఒకసారి గౌను జేబులో పళ్ళసెట్టు దొరికింది. అది లేకుండా ఆ పెద్దాయన అన్నం ఎలా తింటున్నాడో అని రేడియో, నేను రోజంతా బెంగపడ్డాం. మాకు గుడ్డ కనిపిస్తే దాని మీద పడుకున్న మనిషి కనిపిస్తాడు. అలాంటి దాన్ని పట్టుకుని, ఉన్నదే చూడు, లేనిది చూడకు అంటే ఎలా కుదురుతుంది?

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఈ పాసేజ్ కథ తెలుగులో చెప్పాను. బుజ్జమ్మ, "అమ్మా, వాన పడితే నిలబడ్డాడే, దానికింత కథా" అంది. అత్తయ్య మాత్రం ముద్ద నోటి దాకా తెచ్చి ఆపారు.

"గొడుగు తిరిగిచ్చాడా?"

"అది పాసేజ్‌లో లేదత్తయ్యా."

"లేకపోవడమేంటే? ఒకరి గొడుగు తెచ్చుకుని, తన ఇంట్లో తాను కూర్చుని టీ తాగుతాడా? రేపు మళ్ళీ వానొస్తే ఆ పిల్ల తడవదూ? ఎరువు సొమ్ము బరువు చేటని తెలీదా వాడికి? కనుక్కో, రేపు మీ టీచర్ని అడిగి కనుక్కో."

ఆవిడ పోరు పడలేక నిజంగానే అడిగాను. టీచరమ్మ పడీ పడీ నవ్వి, "అక్కా, అది నాకే తెలీదు" అంది. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే, "తెలీకుండా పిల్లలకెట్లా చెబుతుంది పాఠం?" అన్నారు మీ అమ్మగారు. అది మొదలు, క్లాసు ఉన్న ప్రతిరోజూ ఆవిడ వాకిట్లోనే కాచుకుని కూర్చునేవారు. పర్సు దొరికిన బస్ కండక్టర్ ఏం చేశాడు? గడియారం ఆగిపోయిన బార్బరు ఎన్ని తలలు చెడగొట్టాడు? పిల్లికి పాలు పోసిన పిల్లని వాళ్ళమ్మ తిట్టిందా? ఏ కథ చెప్పినా చివర్లో మాత్రం, "అది సరే, ఆ గొడుగువాడి కబురేమైనా తెలిసిందా" అని అడక్కుండా లేచేవారు కాదు.

మన బుజ్జమ్మ సంగతి వేరే చెప్పాలా? అది నాకు ఇంట్లో రెండో టీచరమ్మ అయింది. ఒకరోజు వంటింటి గోడకి ఒక కాగితం అంటించింది. "ఒకామె పుస్తకం చదువుతూ కూర మాడబెట్టింది. ప్రశ్న: కూర ఎందుకు మాడింది? జవాబు పాసేజ్‌లోనే ఉంది, వాసన చూడమ్మా!" అప్పటికి నిజంగానే మాడిపోయింది. ఆ పూట ముగ్గురం పెరుగన్నం తిని లేచాం.

అలా అలా నా నోరు కట్టేసుకోవడం నేర్చుకున్నాను. టీచరమ్మ చెప్పినట్టు ముందు ప్రశ్న చదవడం, తర్వాత పాసేజ్‌లో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి వెతకడం, ఉన్నదే రాయడం. రొట్టె అంటే రొట్టె. వాన అంటే వాన. ఆయన ఒంటరివాడా, జంటవాడా, నాకెందుకు? రాను రాను నా కాగితాల మీద ఎర్ర గీతలు తగ్గాయి. దారిలో దుకాణాల బోర్డులన్నీ చదువుకుంటూ నడిచేదాన్ని. మందుల షాపు బోర్డు మొదటిసారి గడగడా చదివేసినప్పుడు, లోపలికి వెళ్ళి ఊరికే ఒక దగ్గు బిళ్ళల పొట్లం కొనుక్కుని వచ్చాను. అంత సంబరం!

పరీక్ష రోజుకి వస్తున్నాను. అదే క్యాంటీన్. బల్లలు దూరదూరంగా జరిపారు. పక్కన హాల్లోంచి ఆవిరి వాసన, రోలర్ల చప్పుడు. పుట్టి బుద్ధెరిగాక రేడియో మొదటిసారి మూగబోయింది. కాగితం తిప్పాను. చదవగలిగాను! ప్రతి మాటా తెలిసిందే. అమ్మయ్య అనుకున్నాను.

పాసేజ్ ఏమిటంటే, ఒకావిడ వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే కొళాయి ఊడిపోతుంది. నీళ్ళు ఎగజిమ్ముతాయి. నేలంతా నీళ్ళు. పసిబిడ్డ ఏడుస్తుంది. ఆవిడ గుడ్డ చుట్టి కొళాయిని చేత్తో అదిమి పట్టుకుంటుంది. అప్పుడే ఫోను మోగుతుంది. భర్త దూరాన ఫ్యాక్టరీలో పనిచేస్తుంటాడు, అక్కడి నుంచి చేశాడు. ఇంట్లో ఎలా ఉందని అడిగాడు. ఆవిడ, "ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్" అంది. తర్వాత ఫోను పెట్టేసి కొళాయి బిగించుకుంది.

కొళాయికి ఏమైంది, బిడ్డ ఏం చేసింది, ఫోను ఎవరు చేశారు, భర్తతో ఆవిడ ఏమంది? అన్నీ టకటకా రాశాను. వేలు పెట్టి చూసి మరీ రాశాను. ఇంక చివరి ప్రశ్న. "నిజంగా అంతా బాగానే ఉందా?"

ఏమండీ, ఆ ఒక్క ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. జవాబు పాసేజ్‌లోనే ఉంది కదా, ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్ అని ఆవిడే స్వయంగా చెప్పింది కదా. అవును, బాగుంది అని రాసేస్తే మార్కులు. నెలల తరబడి టీచరమ్మ మొత్తుకున్నది అదేగా. రాద్దామని అక్షరం మొదలుపెట్టి కూడా కొట్టేశాను. ఆవిడ తడిసిపోయి, ఒక చేత్తో కొళాయి, ఒక చేత్తో ఫోను పట్టుకుని నిలబడి ఉంటే, బాగుందని నేనెలా రాయను? నా చేత్తో నేనెలా రాయను? నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. చివరికి ఏమైతే అదవుతుందని, "బాగాలేదు. ఆయన దూరంగా ఉన్నాడు, వచ్చి కొళాయి పట్టుకోలేడు, బెంగ మాత్రం పడగలడు. అందుకని బాగుందని చెప్పింది. కానీ ఆయన వస్తే బాగుండునని ఆవిడకి ఉంది" అని నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి కాగితం ఇచ్చేశాను.

బయటికి రాగానే రేడియో పట్టుకుంది. "వదినా, చివరిది ఏం రాశావు?"

"బాగాలేదని రాశాను."

"అయ్యో నీ ఇల్లు బంగారం గానూ! బాగుందనే ఉంది కదా అందులో! మళ్ళీ ఇంటి నుంచి తెచ్చావా జవాబు?"

అంతా చేసి ఆఖరి మెట్టు మీద జారిపడ్డాననుకున్నాను. ఇంటికొచ్చి పీట మీద కూలబడితే అత్తయ్య పలకరించారు. జరిగింది చెప్పాను. ఎప్పుడూ మాటకి మాట తగిలించే మనిషి, ఆరోజు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. తర్వాత నా వీపు మీద చెయ్యి వేసి, "నిజమే రాశావు. మార్కులు వాళ్ళిష్టం" అన్నారు.

ఫలితాలు వచ్చేదాకా నేను ఎలా ఉన్నానో అడక్కండి. ఉప్పు వేశానో లేదో తెలియక కూరల్లో రెండుసార్లు వేసేదాన్ని. నిన్న మధ్యాహ్నం విజిల్ బాబాయ్ నోట్లో విజిల్ తీసేసి మా బల్ల దగ్గరికి నడిచొచ్చాడు. విజిల్ లేకుండా ఆయన మొహం చూడటం అదే మొదలు. "అమ్మాయ్, ఇది నీదేగా" అని ఆ విజిల్ నా చేతిలో పెట్టాడు.

అర్థమైందా అండీ? నాకు ముందు అర్థం కాలేదు. రేడియో కెవ్వుమని అరిచింది, ఆ అరుపుకి ఎవరి చేతులో నలిగాయనుకుని అవతల రోలర్లు ఆపేశారు. ఆపినవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి నన్ను మురికి దుప్పట్ల ట్రాలీలో కూర్చోబెట్టి హాలంతా తిప్పారు! నేను ఆ విజిల్ ఊదుతూనే ఉన్నాను. మీ పెళ్ళాం, మీరు పిరికిది అని ఏడిపించే మీ పెళ్ళాం, షిఫ్ట్ ఇన్‌చార్జి! రేడియో కూడా పాసైంది, అవతలి షిఫ్టుకి వచ్చే ఏడు దాని వంతు.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. చివరి ప్రశ్న గురించి అడిగాను. "అక్కా, చీటీలో బాగుందని ఉంటే కూడా మెషీన్ వంక ఒకసారి చూసే మనిషి కావాలి వాళ్ళకి. ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు ఇంటి నుంచే తేవాలి. అది నేను ముందు చెప్పకూడదు, చెప్పలేదు" అంది. ఆ పిల్లని గట్టిగా వాటేసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న రాత్రి ఈ సంబరంలోనే మీ పోయిన ఉత్తరం మళ్ళీ తీశాను. చదువుతుంటే అలవాటు కొద్దీ వేలు పెట్టాను. ఏమండీ, మీ ఉత్తరం అచ్చం పాసేజ్‌లా ఉంది! లేచాను, క్రేన్ ఎక్కాను, దిగాను, తిన్నాను, పడుకున్నాను, అంతా బాగానే ఉంది. సరే, ప్రశ్నలు వేసుకుందాం అనుకున్నాను.

మొదటి ప్రశ్న. ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? జవాబు: "బాగా నిద్రపడుతోంది" అని రాశారు. ఆ పక్క వాక్యంలోనే "రేవు దీపాలు తెల్లార్లూ వెలుగుతూనే ఉంటాయి, రెండు గంటలప్పుడు ఒక వరస ఆర్పి ఇంకో వరస వేస్తారు" అని కూడా రాశారు. నిద్రపోయే మనిషికి రెండు గంటలప్పుడు ఏ వరస ఆర్పారో ఎలా తెలుస్తుందండీ? రెండో ప్రశ్న. ఆయన మోకాలు ఎలా ఉంది? "మోకాలు బాగానే ఉంది" అని రాశారు. అడిగిందెవరు మీ మోకాలి సంగతి? నా ఉత్తరాల్లో మోకాలి మాటే లేదు! ఉలిక్కిపడ్డాను. క్రేన్ నిచ్చెన ఎక్కేటప్పుడు పట్టేస్తోంది కదూ? నిజం చెప్పండి. దుప్పటి విప్పి మనిషిని పట్టేసే దాన్ని, మీ ఉత్తరాలు ఇన్నాళ్ళు మడత విప్పకుండా చదివాను.

మీ ఉత్తరాన్ని అలా చదివాక నావి మాత్రం ఏం తక్కువ తిన్నాయి అనిపించింది. పైన ఏం రాశాను? పైకప్పు కారడం ఆగింది అని ఒక్క మాట. అది ఎలా ఆగిందో ఇప్పుడు చెప్తాను. ఎవరూ దొరక్క నేనే నిచ్చెన వేసుకుని ఎక్కాను. కింద మీ అమ్మగారు ఆ బక్క చేతులతో నిచ్చెన పట్టుకున్నారు. రేకు బిగిస్తుంటే కాలు జారింది. నేను చూరు పట్టుకుని వేలాడాను, కింద బుజ్జమ్మ ఏడుపు, అత్తయ్య కేకలు. కాళ్ళు మళ్ళీ నిచ్చెనకి ఎలా అందాయో నాకే తెలీదు. మోచెయ్యి గీరుకుపోయి చాలారోజులు మండింది. ఆ ఆదివారం మీరు ఫోను చేసి ఎలా ఉన్నారంటే నేనేమన్నానో గుర్తుందా? "అంతా బాగానే ఉంది."

మొదట్లో రాసిన రెండు వాక్యాల దగ్గరికి వస్తానన్నాను కదా, వచ్చాను. మేం ముగ్గురం క్షేమమే, అబద్ధం కాదు. కానీ బాగాలేదండీ. మీరు లేకపోతే బాగాలేదు. బుజ్జమ్మ లెక్క సరిగ్గా వచ్చినప్పుడల్లా తల తిప్పి మీ కుర్చీ వంక చూస్తుంది, చూసి నాకు చెప్తుంది. అత్తయ్య వీధి చివర ఎవరు దగ్గినా, వాడి దగ్గులా ఉందే అంటారు. నేనైతే మీకిష్టమని మార్కెట్లో చేపల దుకాణం దాకా వెళ్ళి, మీరు లేరు కదా అని గుర్తొచ్చి వెనక్కి వస్తుంటాను, ఇప్పటికీ. ఈ మాటలు నేను మీకు ఎన్నడూ రాయలేదు. పోయినసారి కాంట్రాక్టప్పుడు మీరు "నీ ఇష్టం" అని రాశారు, నేను "మీ ఇష్టం" అని రాశాను. బంతి అటు మీరు విసిరారు, ఇటు నేను విసిరాను, మధ్యలో మూడేళ్ళు కొట్టుకుపోయాయి. ఇద్దరిలో ఒక్కరికీ అది ఇష్టం కాదు!

క్లాసులో లేనివన్నీ రాసి తిట్లు తిన్నదాన్ని, మీకు మాత్రం ఉన్నదాంట్లో సగం కూడా రాయలేదు.

ఇప్పుడే అత్తయ్యకి మీ కాగితం సంగతి చెప్పాను, సంతకం పెట్టాలా వద్దా అని అడిగారని. ఆవిడ బఠాణీల చేట పక్కన పెట్టి, "ఆ గొడుగు పిల్ల తప్పే ఉందే ఇందులో" అన్నారు. ఇప్పుడు గొడుగేంటత్తయ్యా అన్నాను. "ఇచ్చేసి ఊరుకుంది. అరువిచ్చింది నోరు తెరిచి అడగనిదే తిరిగొస్తుందా? వాడేమనుకుంటాడు, దానికి వేరే గొడుగు ఉందేమోలే అనుకుంటాడు. అడగాలి. సిగ్గేంటి, మనదేగా" అన్నారు. అని మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకున్నారు, కానీ గింజలు ఒలవడం లేదు, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

కాబట్టి అయిదో ప్రశ్నకి నా జవాబు. సంతకం పెట్టకండి.

జీతం సంగతి నాకు వదిలేయండి, ఇన్‌చార్జి పెళ్ళాం ఉన్న మనిషి మీరు. మీ పాత వర్క్‌షాపు మేస్త్రీని దారిలో కలిశాను. "వాడి స్పానర్లు అలాగే ఉంచాను, ఎప్పుడొస్తాడు" అని ఆయనే అడిగాడు. అక్కడ ఎక్కాల్సిన నిచ్చెనలు లేవు, మీ మోకాలికీ మంచిది. ఇంట్లో ఉన్న నిచ్చెన మాత్రం మీరు కింద నిలబడి పట్టుకోవాలి. ఎక్కడం నేనే ఎక్కుతాను, నాకిప్పుడు అలవాటైంది.

మిమ్మల్ని ఆ రేవుకి అరువిచ్చాం. మాకు వేరే గొడుగు లేదు. నోరు తెరిచి అడుగుతున్నాను, వానలు మొదలవక ముందే మా మనిషిని మాకు తిరిగిచ్చేయమనండి.

ఇట్లు,
మీ కోసం చూరు కింద నిలబడి ఉన్న,
మీ ఆవిడ